చిన్న పట్టణపు కళాశాల: విద్యార్థి మొర వినువా రెవరు?

2025వ సంవత్సరము జూలై 25వ తేదీన సర్వోన్నత న్యాయస్థానమువారు విద్యార్థుల మానసికారోగ్యమును గూర్చి ముఖ్యమైన తీర్పు నొకదానిని వెలువరించిరి. విశాఖపట్టణమున వైద్యకళాశాల ప్రవేశపరీక్షకు చదువుచుండిన యొక వంగబాలిక 2023లో మరణించగా, దర్యాప్తు సక్రమముగ జరుగలేదని ఆమె తండ్రి చేసికొన్న అప్పీలు ఈ తీర్పునకు మూలము. న్యాయమూర్తులు శ్రీ విక్రమనాథుగారును శ్రీ సందీప్ మెహతాగారును ఆ దర్యాప్తును కేంద్ర నేరపరిశోధక సంస్థకు అప్పగించుటతో నిలిచిపోక, దేశమునందలి విద్యాసంస్థల కన్నిటికిని వర్తించునట్లు పదునైదు ఆదేశములను జారీచేసిరి. తగిన శాసన మేర్పడువరకు నీ యాదేశములే చట్టమువలె చెల్లుననిరి. మానసికారోగ్యము రాజ్యాంగములోని 21వ అధికరణము ప్రసాదించిన జీవించు హక్కులో అంతర్భాగమనియు పలికిరి. రాజధానియందలి మన న్యాయవాదులకు ఈ తీర్పు విలువను మేము వివరింప నక్కరలేదు. కాని తీర్పు వెలువడుట వేఱు. అది యొక చిన్న పట్టణపు కళాశాల గుమ్మము దాటి లోపల నడుగుపెట్టుట వేఱు. ఆ గుమ్మము కడ నడ్డుపడు సంగతులలో భాష యొకటి. దానిని గూర్చి యెవ్వరును మాటాడకుండుటచే మేము మాటాడవలసివచ్చినది.

జాతీయ నేరరికార్డుల సంస్థవారి లెక్క ప్రకారము 2022వ సంవత్సరమున మన దేశములో 1,70,924 మంది ఆత్మహత్య చేసికొనిరి. వారిలో 13,044 మంది విద్యార్థులు. అంతకు ముందటి సంవత్సరము విద్యార్థుల సంఖ్య 13,089. అనగా దినమునకు ముప్పదియైదుగురికి తక్కువ గాకుండ మన బిడ్డలు రాలిపోయిరి. 2022లో పరీక్ష తప్పుటయే కారణమని నమోదైన మరణములు 2,248. ఈ యంకెలు భయంకరములే. ఐనను వీనివెనుక అంకెల కందని సమూహ మొకటి యున్నది. తిండి సయింపక, నిద్రపట్టక, తరగతికి పోవ మనసొప్పక, ఎవరితోను చెప్పుకొనలేక, తుదకు చదువు నడుమనే విడిచి పెట్టెబేడ సర్దుకొని స్వగ్రామమునకు మరలిపోవు విద్యార్థులు పెక్కండ్రు గలరు. వారి పేళ్లు హాజరుపట్టీలో కొన్నాళ్లు గైరుహాజరుగ కనబడి, పిదప కొట్టివేయబడును. ఏల పోయితివని యడుగువా రుండరు. మా వ్యాసము ముఖ్యముగ వారిని గూర్చినది.

ఐ.ఐ.టి.లో గాని, కోటా నగరపు శిక్షణాలయములలో గాని దుర్ఘటన సంభవించినచో పత్రికలు పతాకశీర్షికలు పెట్టును. పార్లమెంటులో ప్రశ్నలు పుట్టును. 2025 మార్చి 24వ తేదీన సర్వోన్నత న్యాయస్థానమువారు పూర్వ న్యాయమూర్తి శ్రీ రవీంద్ర భట్టుగారి యధ్యక్షతను జాతీయ కార్యాచరణ సంఘమును నియమించినదియు పెద్ద సంస్థలో జరిగిన మరణములను గూర్చిన వ్యాజ్యములోనే. చిన్న పట్టణమునందలి డిగ్రీ కళాశాలకు విలేఖరి లేడు, వకీలు లేడు, పార్లమెంటులో పలుకువాడు లేడు. ఐనను మన దేశమున పట్టభద్రులగువారిలో నధికసంఖ్యాకులు ఇట్టి యనుబంధ కళాశాలలలోనే చదువుచున్నారు. సరిహద్దు జిల్లాలలోని తెలుగు కుటుంబముల బిడ్డలకైతే ఇవియే మొదటి మెట్టు. అనేకులకు ఇవియే తుదిమెట్టును.

ఒక ఊరు, మూడు భాషలు

ఒక పట్టణమును దృష్టాంతముగ గైకొందము. పర్లాకిమిడి యనగానే మనకు గిడుగు రామమూర్తి పంతులుగారు జ్ఞప్తికి వత్తురు. మహేంద్రతనయానది యొడ్డున నున్న ఈ ఊరు నేడు ఒడిశా రాష్ట్రములోని గజపతి జిల్లాకు ముఖ్యపట్టణము. సరిహద్దు దాటినంతనే శ్రీకాకుళము జిల్లాలోని పాతపట్నము. సంస్థానాధీశుల పోషణమున పందొమ్మిదవ శతాబ్ది చివరనే యిచట కళాశాల వెలసినది. అది మొదట చెన్నపురి విశ్వవిద్యాలయమునకును, పిదప 1926లో నేర్పడిన ఆంధ్ర విశ్వకళాపరిషత్తునకును, అటుపిమ్మట 1943లో స్థాపితమైన ఉత్కళ విశ్వవిద్యాలయమునకును, తుదకు 1967లో పుట్టిన బరంపురపు విశ్వవిద్యాలయమునకును అనుబంధమైనది. ఊరు కదలలేదు, కళాశాల కదలలేదు. 1936 ఏప్రిల్ 1వ తేదీన ఒరిస్సా రాష్ట్ర మేర్పడినప్పుడు గీత మాత్రము కదలినది. దానితో ఆ ఊరి తెలుగువారు తమ యిండ్లలో తాముండియే అల్పసంఖ్యాకులైరి.

ఆ జిల్లా జనసంఖ్యలో సగమునకు మించినవారు ఆదివాసులని 2011వ సంవత్సరపు జనాభాలెక్కలు తెలుపుచున్నవి. వారిలో సవరలు ముఖ్యులు. ఇట్టి తావున ఒక తరగతిలో ఒరియా మాటాడు బాలుడు, తెలుగింటి బాలిక, కొండమీది నుండి దిగివచ్చిన సవర యువకుడు నొక్క బల్లపై గూర్చుందురు. పుస్తకము ఇంగ్లీషున నుండును. కార్యాలయపు వ్యవహారము రాష్ట్రభాషలో జరుగును. ఇంటిభాష యెవరిది వారికే. ఈ పట్టణమునందలి యే సంస్థలో నేమి లోటున్నదో యెంచుట మా యుద్దేశము గాదు. బళ్లారిలోను, హోసూరులోను, బరంపురములోను ఈ పరిస్థితియే వేర్వేరు పాళ్లలో నున్నది. యానాములో ఊరంతయు తెలుగే యైనను, అచటి ప్రభుత్వ కళాశాల యనుబంధమైన విశ్వవిద్యాలయము 800 కిలోమీటర్లకు మించిన దూరమున పుదుచ్చేరిలో నున్నది. మార్కుల పట్టికలో నొక తప్పు దొరలినచో దానిని దిద్దించుకొనుటకు ఎవరిని, ఏ భాషలో అడుగవలెనో పందొమ్మిదేండ్ల బాలునికి తెలియుట యెట్లు? పెద్దవారికి ఇది చిన్న చిక్కు. ఆ బాలునికి మాత్రము దినములకొలది నిద్ర దూరమగుటకు ఇది చాలును.

చిన్న పట్టణమునందలి విద్యార్థులు స్థూలముగ రెండు తెగలవారు. పల్లె నుండి ప్రతిదినము బస్సుపై వచ్చిపోవువారు కొందఱు. ఊరిలో హాస్టలునందో, అద్దెగదియందో యుండువారు కొందఱు. మొదటివారు చీకటితో లేచి, చద్దిమూట కట్టుకొని, సాయంకాలపు బస్సు తప్పునేమో యని తుది తరగతి సగములో లేచిపోవుదురు. వారికి గ్రంథాలయము, ఆటస్థలము, స్నేహగోష్ఠి యనునవి పేరునకే యుండును. రెండవవారు నలుగురు కలసి యొక గది తీసికొని, వంతులవారీగ అన్నము వండుకొని, ఊరి నుండి వచ్చిన పచ్చడితో నెట్టుకొనివత్తురు. నెలాఖరు దినములలో ఒకపూట మానుటయు నుండును. ఉపకారవేతనము మంజూరైనదందురు, అది చేతికి వచ్చుసరికి పరీక్షఫీజు గడువు దాటును. తప్పిన పరీక్షలు ఒకదానిమీద నొకటి పేరుకొనును. పాఠము చెప్పుచుండిన తాత్కాలికోపాధ్యాయుడు సంవత్సరము నడుమ వేఱు ఉద్యోగము దొరికి వెడలిపోవును. విద్యార్థి ముఖము గుర్తుపట్టి, వాని ఊరు పేరు చెప్పగల గురువు మిగులడు.

దీనికితోడు ఆ బాలుడు తన కుటుంబములో మొదటి పట్టభద్రుడు కాబోవువాడు. ఊరంతయు వానిపై నాశ పెట్టుకొనియుండును. తండ్రి రెండు గుంటల నేల తాకట్టు పెట్టియుండును. తల్లి పుస్తెలలోని బంగారము కరగియుండును. "నాకు చదువు అర్థమగుటలేదు" అను మాట అట్టి ఇంటిలో నోట వచ్చునా? కళాశాలలో చెప్పుకొందమన్నచో చిన్న ఊరిలో రహస్యము నిలువదు. పెద్ద నగరములో మనోవైద్యుని కడకు పోయినవానిని ఎవరును గుర్తింపరు. ఇచట ఆస్పత్రి వాకిట రెండు నిమిషములు నిలిచినచో, సాయంకాలమునకు ఆ వార్త సంతవీథి దాటి ఊరు చేరును. ఆడపిల్లయైనచో పెండ్లిసంబంధములవారి చెవిని గూడ పడును. కావుననే అనేకులు నోరు మెదపరు.

వారములనాటి నీడ

మన పెద్దలలో ననేకులు వారములు చేసికొని చదివినవారు. ఆదివారము ఒక యింట, సోమవారము మఱియొక యింట భోజనము చేయుచు, దేవాలయపు మండపమునందో, ఎవరి యరుగుమీదనో పండుకొని విద్య గడించిరి. "ఆ కాలమున మా కెవరు సలహాలు చెప్పిరి? వీథిదీపము క్రింద చదువలేదా?" యని వారు మందలించుట మనము తఱచు వినుచున్నాము. వారి కష్టము నిజమే. ఐనను వారికి తెలియకయే లభించిన భాగ్య మొకటి కలదు. దినమున కొక యిల్లాలు వాని ముఖము చూచినది. "ఏమిరా నాయనా, నేడు సరిగ తినుటలేదు, ఒంట్లో బాగులేదా?" యని తన భాషలో అడిగినది. సలహాదారు అను పేరు లేకున్నను ఆమె చేసిన పని యదియే. నేటి విద్యార్థికి అన్నము దొరకినను ఆ ప్రశ్న దొరకుట లేదు.

ఆ పద్ధతిని పునరుద్ధరింపవలెనని మేము చెప్పము. ఆ యిండ్ల తలుపులు అన్ని కులములవారికిని తెరువబడి యుండలేదు. హరిజన బాలునికి గాని, సవర బాలునికి గాని వారములిచ్చిన యిండ్లు లేవు. ఆడపిల్లలకు చదువే లేదు. నేడు తరగతిలో గూర్చున్నవారిలో ననేకులు ఆ పాత నీడ యెన్నడును సోకనివారే. వారిని గూర్చియే న్యాయస్థానము తన యాదేశములలో నొకదాని యందు ప్రత్యేకముగ హెచ్చరించినది. షెడ్యూలు కులములు, తెగలు, వెనుకబడిన తరగతులు, అంగవైకల్యము గలవారు, ఆప్తులను గోల్పోయినవారు మొదలగు విద్యార్థులతో సున్నితముగను, భేదభావము లేకుండను మెలగునట్లు సిబ్బందికి శిక్షణ నీయవలెనని శాసించినది. ఇది మిగుల శ్లాఘ్యము. కాని పరాయిభాష నడుమ చదువుకొను విద్యార్థిని గూర్చి ఆ యాదేశములలో ప్రత్యేకముగ చెప్పబడలేదు.

దుఃఖమునకు భాష కలదు

రాష్ట్రభాష నేర్చుకొననివాడు ఆ రాష్ట్రమున నెట్లు బ్రతుకునని కొంద ఱాక్షేపింతురు. నేర్చుకొని తీరవలెననియే మా యభిప్రాయము. ఒడిశాలోని తెలుగు విద్యార్థి ఒరియాను, కర్ణాటకములోని వాడు కన్నడమును, తమిళనాటి వాడు తమిళమును చక్కగ నేర్వవలెను. వారిలో ననేకులు నేర్చియే యున్నారు. బజారులో బేరమాడుటకును, పరీక్ష వ్రాయుటకును, ఉద్యోగము చేయుటకును ఆ భాష చాలును. అవమానము, భయము, నిరాశ మనస్సును క్రమ్మినప్పుడు మాత్రము మనుష్యునికి తల్లి యొడిలో నేర్చిన మాటయే నోట వచ్చును. "బెంగ" యను మాటను వేఱొక భాషలోనికి మార్చి చెప్పవలసివచ్చినచో, ఆ బెంగతో నున్నవాడు చెప్పుటయే మానుకొనును.

మన రాజ్యాంగమునందలి 350-ఎ అధికరణము భాషాల్పసంఖ్యాకుల బిడ్డలకు ప్రాథమికదశలో మాతృభాషయందు బోధన జరుగుటకు తగిన వసతు లేర్పఱుపవలెనని చెప్పుచున్నది. 350-బి అధికరణము వారి రక్షణలను విచారించుటకు ప్రత్యేకాధికారిని నియమింపవలెననుచున్నది. ఈ రెండును 1956లో, భాషారాష్ట్రములు ఏర్పడిన సంవత్సరముననే, రాజ్యాంగములో చేర్చబడినవి. ఇందు మొదటిది ప్రాథమికదశతో ఆగిపోవుచున్నది. కళాశాలలో తెలుగున పాఠము చెప్పుమని మన మడుగుట లేదు. ఐనను వేఱొక చట్టము మనకు తోడ్పడుచున్నది. 2017వ సంవత్సరపు మానసికారోగ్య సంరక్షణ చట్టములోని 18వ సెక్షను ఈ సంరక్షణము పొందుటలో మత, కుల, సంస్కృత్యాది కారణములచే గాని, మఱి యే యితర కారణముచే గాని భేదము చూపరాదనుచున్నది. 22వ సెక్షను రోగికి అతనికి బోధపడు భాషలో సమాచారము తెలుపవలెననుచున్నది. బోధపడు భాషలో చెప్పుట హక్కైనచో, చెప్పగల భాషలో వినుట హక్కు కాకపోవునా? ఇది న్యాయవాదులు వాదింపదగిన విషయమని మా నమ్మిక.

ఈ సందర్భమున మరల పర్లాకిమిడికే పోవుదము. రామమూర్తి పంతులుగారు 1880లో అచట ఉపాధ్యాయుడుగ చేరిరి. ఊరికి వచ్చిపోవు సవరలను చూచిరి. వారి భాష నెవరును లెక్కచేయని కాలమున ఆయన దానిని తాను నేర్చుకొనిరి. వారి భాషలో పుస్తకములు సిద్ధపఱచిరి. వారి బిడ్డలకు వారి మాటలోనే చదువు చెప్పించిరి. ఆయన రచించిన సవరభాషా వ్యాకరణము 1931లో వెలువడినది. 1936లో ఆ ఊరు ఒరిస్సాలో చేరినప్పుడు ఆయన రాజమహేంద్రవరమునకు తరలిరి, 1940లో కీర్తిశేషులైరి. ఆయన జన్మదినమైన ఆగష్టు 29వ తేదీని మనము తెలుగుభాషా దినోత్సవముగ జరుపుకొనుచున్నాము. ఆ యుత్సవములలో ఆయన వాడుకభాషావాదమును గూర్చి యుపన్యాసములు సాగును. ఎదుటివాని భాషను తాను నేర్చి వాని మొర వినుట యను ఆయన రెండవ పాఠమును తలచువారు తక్కువ. తెలుగు విద్యార్థి కొఱకు మన మేమి కోరుదుమో, సవర విద్యార్థి కొఱకును అదియే కోరవలెను. తెలుగు రాష్ట్రములలోని కళాశాలలలో చదువుచున్న ఒరియా, తమిళ, కన్నడ, కోయ, గోండు బిడ్డల కొఱకును అదియే కోరవలెను. అట్లు కోరనినాడు మన కోరిక న్యాయమనిపించుకొనదు.

చేయదగిన పనులు

న్యాయస్థానపు ఆదేశము ప్రకారము నూరుగురు లేక అంతకు మించిన విద్యార్థులున్న ప్రతి సంస్థయు అర్హతగల మనస్తత్వ సలహాదారు నొకరినైనను నియమింపవలెను. అంతకు తక్కువవారున్నచో బయటి నిపుణులతో నేర్పాటు చేసికొనవలెను. సిబ్బందికి ఏటికి రెండు మారులైనను శిక్షణ నీయవలెను. సహాయము కొఱకు ఫోను చేయవలసిన సంఖ్యలను హాస్టళ్లలోను తరగతులలోను పెద్ద యక్షరములతో ప్రకటింపవలెను. "ఇంతమంది నిపుణులు చిన్న ఊళ్లకు ఎచట దొరకుదురు? డబ్బెచటిది?" అను ప్రశ్న వెంటనే పుట్టును. ప్రశ్న సమంజసమే. దీనికి సమాధానము మన సరిహద్దు జిల్లాలలో నొకటియే యిచ్చినది.

1980 ప్రాంతముల బెంగుళూరునందలి జాతీయ మానసికారోగ్య సంస్థవారు బళ్లారి జిల్లాలో నొక ప్రయోగము సాగించిరి. మనోవైద్యులు జిల్లాలకు రాలేనప్పుడు, జిల్లాలో నున్న ప్రాథమికారోగ్య కేంద్రముల వైద్యులకును, ఆరోగ్యకార్యకర్తలకును స్వల్పకాలపు శిక్షణ నిచ్చి, సామాన్యమైన మనోవ్యాధులను వారే గుర్తించి చికిత్స చేయునట్లును, కఠినమైనవానిని మాత్రము పైకి పంపునట్లును ఏర్పాటు చేసిరి. అది ఫలించుటచే 1996లో కేంద్రప్రభుత్వము జిల్లా మానసికారోగ్య కార్యక్రమమును ఆ నమూనాపై నెలకొల్పినది. దేశమునకు మార్గము చూపిన ఈ పని రాజధానిలో పుట్టలేదు. తెలుగు, కన్నడము కలసి వినబడు బళ్లారిలో పుట్టినది. కార్యకర్త స్థానికుడగుటయు, రోగి మాటను రోగి మాటలోనే వినగలుగుటయు ఇట్టి పద్ధతికి ప్రాణము. కళాశాలకు నదియే వర్తించును.

కావున మా సూచనలివి. సలహాదారుని నియమించునప్పుడు పట్టముతోపాటు ఆ కళాశాల విద్యార్థుల యిండ్లలో మాటాడు భాషలలో నేవేవి వచ్చునో చూడవలెను. అన్ని భాషలు వచ్చిన ఒక్కరు దొరకనిచో, వారమునకొక దినము వచ్చు ఇద్దఱు చాలుదురు. సరిహద్దునకు ఇరువైపుల నున్న కళాశాలలు వీరిని పంచుకొనవచ్చును. బరంపురపు విశ్వవిద్యాలయమును, శ్రీకాకుళము చెంత ఎచ్చెర్లలోనున్న అంబేద్కరు విశ్వవిద్యాలయమును ఇందుకొక యొడంబడిక చేసికొన్నచో, తెలుగు తెలిసినవారు అటును, ఒరియా తెలిసినవారు ఇటును రాగలరు. గీతకు రెండువైపుల నున్న బిడ్డలు బాగుపడుదురు. ఇందుకు కొత్త శాసనము అక్కరలేదు. ఇద్దఱు ఉపాధ్యక్షుల సంతకములు చాలును.

రెండవది, ప్రతి యధ్యాపకునికిని ఇరువదిమంది విద్యార్థులను అప్పగించి, నెలకొకమారు ఒక్కొక్కరితో పది నిమిషములు మాటాడునట్లు నియమము చేయవలెను. ఆ కాలమును అతని బోధనావేళలలో లెక్కింపవలెను; లేనిచో అది కాగితముపై జరిగినట్లు వ్రాయబడును. మూడవది, సలహాదారుని గది ప్రిన్సిపాలు గది ప్రక్కన ఉండరాదు. గ్రంథాలయము చెంతనో, క్రీడాశాల చెంతనో యుండి, ఎవరేపనిపై పోవుచున్నారో తెలియని తావై యుండవలెను. మానసికారోగ్య సంరక్షణ చట్టములోని 23వ సెక్షను గోప్యతను హక్కుగ గుర్తించినది; చిన్న ఊరిలో ఆ హక్కు నిలుచుట గది తలుపు ఎటువైపున్నదను దానిపై నాధారపడియున్నది. నాల్గవది, పరీక్షఫీజు కట్టలేనివానికి ఆ నాడే సహాయపడుటకు ప్రతి కళాశాలలోను కొద్దిపాటి నిధి యుండవలెను. ఉపకారవేతనము వచ్చినపిదప విద్యార్థి దానిని తిరిగి చెల్లింపవచ్చును. కొన్నివందల రూపాయలు సమయమునకు లేకపోవుటచే ఒక సంవత్సరము పోవుటకంటె దుర్వ్యయము లేదు.

ఐదవది, ఫోను సహాయము. కేంద్రప్రభుత్వము 2022 అక్టోబరు 10వ తేదీన ప్రారంభించిన టెలి-మానస్ సంఖ్య 14416. రాత్రింబవళ్లు ఉచితముగ పలుకు ఈ సంఖ్యయందు తెలుగుతో గూడ అనేక దేశభాషలలో మాటాడు వ్యవస్థ కలదు. ఊరి కన్నులకు భయపడు విద్యార్థికి ఇది గొప్ప యాసరా. ఫోను చేసినవానిని వాకిట చూచువా రుండరు. ఐతే గోడపై సంఖ్యను మాత్రము వ్రాసి ఊరకుండుట చాలదు. "మీ భాషలో మాటాడవచ్చును" అను వాక్యమును ఆ కళాశాలలో వినబడు ప్రతి భాషలోను, ప్రతి లిపిలోను దాని క్రింద వ్రాయవలెను. తన లిపిలో నొక వాక్యము గోడపై కనబడినప్పుడు, ఈ మాట నా కొఱకే యని విద్యార్థి తెలిసికొనును. ప్రాణము తీసికొన యత్నించినవానిని తీవ్రమైన మనఃక్లేశములో నున్నవానిగ భావింపవలెనని 2017 చట్టములోని 115వ సెక్షను చెప్పుచున్నదనియు, పోలీసులకు జడిసి దాచవలసిన పనిలేదనియు తలిదండ్రులకు గూడ తెలుపవలెను.

రాజధానివారి బాధ్యత

ఇక మన సంగతి. చెన్నపురిలోను, ఇతర రాజధానులలోను వృత్తులయందు రాణించుచున్న తెలుగువారిలో ననేకులు ఇట్టి చిన్న పట్టణముల నుండి వచ్చినవారు, లేక వచ్చినవారి బిడ్డలు. మన ఊరి కళాశాలకు మన మేమైన చేయవలెనని తోచినప్పుడు సామాన్యముగ నొక సింహద్వారము కట్టింతుము. తండ్రి పేర బంగారు పతక మిత్తుము. పతకము మొదటివానికి వచ్చును. మేము చెప్పుచున్నది కడపటి బల్లవానిని గూర్చి.

న్యాయవాదులు చేయగల పని సులభమైనది. 2005వ సంవత్సరపు సమాచారహక్కు చట్టము క్రింద ప్రతి ప్రభుత్వ కళాశాలను నాలుగు ప్రశ్న లడుగవచ్చును. సలహాదారుని నియమించితిరా? వారు వారమున నెన్ని దినములు వత్తురు? వారికి వచ్చు భాషలేవి? సిబ్బందికి శిక్షణ యెప్పుడు జరిగినది? అడుగువాడున్నాడని తెలిసినచో కాగితములు కదలును. ఆ సమాధానములను క్రోడీకరించి భాషాల్పసంఖ్యాకుల కమిషనరుకు నివేదించినచో, రాష్ట్రపతికి పోవు నివేదికలో ఈ విషయమునకును చోటు దొరకవచ్చును. వైద్యులు నెలకొక ఆదివారమునాడు రెండు గంటలు కేటాయించి, ఫోను ద్వారా ఒక కళాశాల యధ్యాపకులకు సలహా చెప్పవచ్చును. ఇతర వృత్తులవారు పైన చెప్పిన పరీక్షఫీజు నిధికి మూలధనము సమకూర్పవచ్చును. పూర్వవిద్యార్థులు ఏటికొకమారు సన్మానసభకు గాక, మామూలు పనిదినమున పోయి తరగతిలో గూర్చుండి, తాము తప్పిన పరీక్షలను గూర్చియు, పస్తున్న పూటలను గూర్చియు చెప్పవచ్చును. ఓటమినుండి తేరుకొన్న పెద్దవాని మాట విద్యార్థికి గెలుపుకథలకంటె మేలు చేయును.

"నేటి పిల్లలు సుకుమారు లైరి" అను మాట మనము విడువవలెను. మనకు నూటికొకడు చదివిన కాలములో చదువు ఫలము నిశ్చితము. డిగ్రీ వచ్చినచో గుమాస్తా యుద్యోగమైనను దొరకినది. నేడు తరగతిలో నున్నవానికి డిగ్రీ తరువాత నేమున్నదో తెలియదు, తెలిసినవారును చెప్పరు. వాని బరువు మనము మోసిన బరువు గాదు. ఇది తెలిసికొనక చేయు మందలింపు, మొర పెట్టబోవు నోటిపై చేయి యడ్డుపెట్టినట్లగును.

న్యాయస్థానము తన పని చేసినది. విశ్వవిద్యాలయములు ఉత్తర్వులు పంపును. కళాశాలలు "అమలు చేసితిమి" యని బదులు వ్రాయును. ఆ బదులు దస్త్రములో చేరును. ఇంతటితో ముగిసినచో ఆ తీర్పు మన గ్రంథాలయములలో నొక సంపుటమగును, అంతియే. సరిహద్దు పట్టణపు కళాశాలలో నొక తెలుగు బాలిక గాని, సవర బాలుడు గాని తలుపు తట్టినప్పుడు, లోపలినుండి తన భాషలో "రమ్ము, కూర్చుండుము, ఏమి సంగతి?" యను మాట వినబడిన దినముననే అది అమలైనదని మేము భావింతుము. ఆ మాట పలుకువారిని సమకూర్చుటలో రాజధానియందలి మన సోదరులు వెనుదీయరని నమ్ముచున్నాము.